నూట నలభై మూడో పేజీ

ఉదయం ఏడింటికి విదోసావా దుకాణం షట్టరెత్తి, ముందు జిరాక్స్ మెషిన్ స్విచ్చి వేసి, తర్వాత కాఫీ గిన్నె స్టవ్ మీద పెట్టేది. కాఫీ పొంగేలోపు మెషిన్ వేడెక్కేది. ఆ కాస్త వ్యవధిలోనే ఆ రోజు ఎవరెవరిని అసహ్యించుకోవాలో ఒకసారి తలుచుకునేది. జాబితా పెద్దదే గానీ రోజూ అదే కాబట్టి ఎక్కువ సేపు పట్టేది కాదు.

అందులో మొదట కాలేజీ పిల్లలుండేవారు. దుకాణం ఆహార సాంకేతిక కాలేజీ గేటుకి సరిగ్గా ఎదురుగా ఉండేది. మొదటి ఏడాది వాళ్ళకి జనరల్ కెమిస్ట్రీ ఒక గండం. ఏడాదంతా గేటు పక్క కాఫీ దుకాణంలో కాళ్ళు చాపుకుని కూర్చున్నవాళ్ళు పరీక్షకి రెండ్రోజుల ముందు మేలుకుని, ఆమె గుమ్మం ముందు బారులు తీరేవారు.

"పిన్నీ, విదా నోట్సు ఒకటి," అన్నాడు ఆ సెప్టెంబరు గురువారం నాడు ఓగ్న్యెన్ అనే కుర్రాడు.

"పరీక్ష ఎప్పుడు?"

"రేపు."

"రేపటి పరీక్షకి ఇవాళ నోట్సు. చలికాలం పచ్చడికి మీ అమ్మ మిరపకాయలు ఇంతకన్నా ముందే కొంటుంది కదరా."

"మా అమ్మే పంపించింది పిన్నీ. తను కూడా మీ నోట్సు చదివే పాసయ్యిందట."

అది నిజమే. విదా నోట్సంటే అరవై రెండు పేజీల చేతిరాత. పరమాణువు దగ్గర మొదలై లవణాల దగ్గర ముగుస్తుంది. ముప్ఫై ఏళ్ళ కిందట విదోసావా తన కోసం రాసుకున్నది. ఆ ఊళ్ళో సాసేజీలు చేసేవాళ్ళూ, ప్లమ్ సారా కాచే ఫ్యాక్టరీల్లో గాఢత కొలిచేవాళ్ళూ, జామ్ సీసాల మీద సంతకాలు పెట్టేవాళ్ళూ అందరూ అది చదివి గట్టెక్కినవాళ్ళే. రాసిన మనిషి మాత్రం ఆ పరీక్ష పంతొమ్మిది సార్లు తప్పింది.

మిగతా పరీక్షలన్నీ ఆమె పాతికేళ్ళ కిందటే పాసయ్యింది. పాత పద్ధతిలో మొదటి ఏడాది పరీక్ష ఒకటి వెనక పెట్టుకుని ముందుకి పోవచ్చు. అలా పెట్టుకున్న ఆ ఒక్కటి, చెప్పులో రాయిలాగా ఆమె వెంటే వచ్చింది. అది తెలిసిన పిల్లలు ఆమె ఎదుట ఆ మాటెత్తేవారు కాదు, వెనక నవ్వుకునేవారు. ఆమె వాళ్ళ ఎదుటే నవ్వేది.

ఇక ఆ మెషిన్ సంగతి. దాని మీద కంపెనీ పేరు ఏనాడో ఊడిపోయింది. దానికో గుణం ఉంది. కాగితం మీద నిజం కానిది ఏదైనా ఉంటే అంతమేరా తెల్లగా వదిలేసేది. ఎన్నికలప్పుడు ఒక పార్టీ వాళ్ళు కరపత్రం తెస్తే తేదీ, వీధి పేరు, అభ్యర్థి మెడ కింది భాగం మాత్రమే వచ్చాయి. ఒకడు పెళ్ళి శుభలేఖ తెస్తే 'సంతోషంతో' అన్న మాట తప్ప అన్నీ వచ్చాయి. ఆ పెళ్ళికొడుకు కాపీలు పట్టుకుని, వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఎవరూ దీని గురించి చర్చించేవారు కాదు. డాక్టరు ఇచ్చిన సెలవు చీటీలు, ఇంటిపన్ను కాగితాలు, ప్రేమలేఖలు పోస్టాఫీసు పక్కనున్న దుకాణానికి పట్టుకెళ్ళేవారు, అంతే. అక్కడి మెషిన్ ఏది పెట్టినా తీసేది.

విదా నోట్సు అరవై రెండు పేజీలూ అక్షరం పోకుండా వచ్చేవి. జాబితాలో రెండోవాడైన ప్రొఫెసర్ కుబురోవిచ్ రాసిన పుస్తకం మాత్రం చిమ్మటలు కొట్టిన ఉన్ని కోటులాగా వచ్చేది. మొత్తం నలభై ఒక్క చోట్ల తెల్లటి మచ్చలు. అన్నిటికన్నా పెద్దది నూట నలభై మూడో పేజీలో.

ఆ పేజీలో గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని పలచన చేసే పద్ధతి ఉంది. లోకంలో ఎక్కడైనా నీళ్ళలో యాసిడ్‌ని కొద్దికొద్దిగా పోస్తారు. యాసిడ్‌లో నీళ్ళు పోస్తే అది భగ్గున మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కుబురోవిచ్ పుస్తకంలో యాసిడ్‌లో నీళ్ళు పొయ్యమని ఉంది. అచ్చు వేసేటప్పుడు రెండు మాటలు తారుమారయ్యాయి. మనిషన్నవాడు అచ్చుతప్పని ఒప్పుకుని ఒక చీటీ అతికిస్తే సరిపోయేది. ఈయన అప్పటికే ఊరి రేడియోలో తన పుస్తకంలో అక్షరం తప్పు లేదని చెప్పి ఉన్నాడు. అంతే, తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఏడు ముద్రణలొచ్చాయి. ప్రతిసారీ అట్ట రంగు మారింది, కుందేలు మారలేదు.

దాంతో ఆ కాలేజీలో ఒక ఆచారం ఏర్పడింది. ప్రయోగశాలలో నీళ్ళలో యాసిడ్, నోటి పరీక్షలో యాసిడ్‌లో నీళ్ళు. చేతులకి ఒక కెమిస్ట్రీ, నోటికి ఒక కెమిస్ట్రీ. పుస్తకం జిరాక్స్ తీయించుకున్న పిల్లలు ఆ తెల్లటి మచ్చల్లో ఒకరిని చూసి ఒకరు పెన్సిల్‌తో తప్పుల్ని పూరించుకునేవారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే జాతి. పరీక్షకి మాత్రం అసలు పుస్తకం కొని తీసుకెళ్ళాల్సిందే. ప్రొఫెసర్ దాని మొదటి పేజీలో ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేవాడు, మర్నాడు ఇంకొకడికి అమ్ముకోకుండా.

అందరూ చెప్పే ఆ తప్పు జవాబు విదోసావా ఎందుకు చెప్పలేదంటే గోర్దానా వల్ల. మొదటి ఏడాది ప్రయోగశాలలో ఇద్దరూ ఒకే బల్ల. గోర్దానా మంచి పిల్ల, పుస్తకంలో ఏముంటే అది నమ్మే రకం. పుస్తకం తెరిచి పక్కన పెట్టుకుని, యాసిడ్‌లో నీళ్ళు పోసింది. గడ్డం నుంచి మెడ కింది దాకా కాలిపోయింది. నీళ్ళు తొందరగా పోసిందని ప్రొఫెసర్ పైవాళ్ళకి రాసి పంపాడు. గోర్దానా చదువు మానేసి, ఎండాకాలంలో కూడా మెడకి గుడ్డ చుట్టుకుని బతికింది. ఆ తర్వాత పంతొమ్మిది సార్లూ విదోసావా ఆ బల్ల ముందు నిలబడి "నీళ్ళలో యాసిడ్" అనే చెప్పింది. ప్రతిసారీ ఆయన ఐదు వేశాడు. ఆరు నుంచి పది దాకా పాసు, ఐదంటే ఫెయిలు.

అయితే ఆ ఏడాది సంగతి వేరు. పాత పద్ధతి విద్యార్థులకి ఇదే ఆఖరి గడువని మంత్రిత్వశాఖ ఏటా నోటీసు పంపేది, ఏటా పొడిగించేది. ఆ నోటీసు విదోసావా మెషిన్ మీదే కాపీలు తీసి గోడకి అంటించేవారు. ఏటా 'ఆఖరి' అన్న మాట తెల్లగా వచ్చేది. ఆమె చూసి నవ్వుకుని కాఫీ తాగేది. ఆ సెప్టెంబరులో నోటీసు పెడితే 'ఆఖరి' అన్న మాట నల్లగా, నిక్కచ్చిగా వచ్చింది. ఆమె మూడుసార్లు తీసి చూసింది. మూడుసార్లూ వచ్చింది.

దుకాణం కూడా నవంబరులో ఖాళీ చెయ్యాలి. పిల్లలు పేజీలు ఫోనులో ఫొటో తీసుకుంటున్నారు, ఇక్కడికి ఫోను కవర్లు అమ్మేవాడు వస్తున్నాడు. పాల డెయిరీ ల్యాబులో ఒక ఖాళీ ఉంది. పాలలో నీళ్ళెంత, కొవ్వెంత చూసే పని. ఆమెకి కళ్ళు మూసుకుని చేయడం వచ్చు. డిప్లొమా తెస్తే సోమవారం నుంచి రమ్మన్నారు. లేకపోతే, యాభై ఒక్క ఏళ్ళ వయసులో, ఫోను కవర్లవాడి దగ్గర నేల తుడవాలి.

అందుకని ఆమె నిర్ణయించుకుంది. ఈసారి ఆయనకి కావలసింది చెప్పేస్తుంది.

శుక్రవారం పది గంటలకి, ఏడో ముద్రణ చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. పాత పద్ధతి పరీక్షకి ఇద్దరు పరీక్షకులుండాలి, ఇద్దరిలో ఎవరు మార్కు వేసి సంతకం చేసినా చెల్లుతుంది. కుబురోవిచ్ పక్కన ల్యూబింకా కూర్చుని ఉంది. పన్నెండేళ్ళుగా ఆయనకి సహాయకురాలు. ప్రయోగశాలలో "ముందు నీళ్ళు! ముందు నీళ్ళు!" అని గొంతు పోయేలా అరిచేదీ ఆవిడే, నోటి పరీక్షలో కిటికీలోంచి చెట్లు చూసేదీ ఆవిడే. విదోసావా జాబితాలో ఆమెది మూడో స్థానం. కొన్నిసార్లు రెండోది.

"ఏమ్మా, ఇరవయ్యోసారా?" అన్నాడు కుబురోవిచ్.

"అవును సార్."

"ఈసారైనా పుస్తకం చదివావా?"

"ఏడు ముద్రణలూ చదివాను సార్. అట్టలు బాగున్నాయి."

ఆయన మెచ్చుకోలు అనుకుని, పుస్తకం అందుకుని ఆకుపచ్చ సంతకం చేశాడు. చీటీ తియ్యమన్నాడు. ఆవర్తన పట్టిక మీద ఒకటి, ద్రావణాల మీద ఒకటి వచ్చాయి. విదోసావా రెండూ పూర్తిగా, కామాలతో సహా చెప్పింది. ఆయన వింటున్నట్టు లేదు. గోళ్ళు చూసుకుంటున్నాడు. మూడో ప్రశ్న చీటీలో ఏమున్నా ఆయన అడిగేది ఒకటే.

"గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని పలచన చెయ్యాలి. ఎలా చేస్తావు?"

ల్యూబింకా కిటికీ వైపు తిరిగింది. డెయిరీ, సోమవారం, ఫోను కవర్లు అని విదోసావా మనసులో అనుకుంది.

"బీకరులో యాసిడ్ తీసుకుని," అంది, "అందులో నీళ్ళు పోస్తాను."

కుబురోవిచ్ మొహం వెన్నపూసలా మెరిసింది.

"చూశావా? ఇంత చిన్న మాటకి ముప్ఫై ఏళ్ళు. మొండితనం తప్ప ఇంకేమన్నా ఉందా?" విద్యార్థి మార్కులన్నీ ఎక్కించే ఇండెక్సు పుస్తకం లాక్కుని, గడిలో ఆరు వేసి సంతకం చేశాడు.

"ఆరేనా సార్? అన్నీ చెప్పాను కదా."

"ఆలస్యంగా చెప్పావు. అందుకు కోత."

ఆమె బయటికొచ్చింది. పాసైనవాళ్ళు మెట్ల మీద ఎగిరి గంతేస్తారని తెలుసు, చాలామందిని చూసింది. ఆమె కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది.

కాలేజీ ఆఫీసులో గుమాస్తా జాగోర్కా అసలు ఇండెక్సు ముట్టుకోదు. పోతే ఎవరు పూచీ అంటుంది. మార్కున్న పేజీ జిరాక్స్ తెస్తే, దాన్ని చూసి పెద్ద పుస్తకంలో ఎక్కించి, డిప్లొమా కాగితం మీద ముద్ర వేస్తుంది. విదోసావా దుకాణానికొచ్చి, పేజీ తెరిచి అద్దం మీద పెట్టి, బటన్ నొక్కింది.

వరసల్లో ముప్ఫై పరీక్షల పేర్లూ, మార్కులూ వచ్చాయి. కెమిస్ట్రీ ఎదురుగా ఉన్న గడి తెల్లగా వచ్చింది. ఆరు లేదు, సంతకమూ లేదు.

ఇన్నేళ్ళుగా ఎంతమంది కాగితాలు తెల్లగా రావడం చూసి ఆమె పెదవి విరిచిందో లెక్కలేదు. ఇప్పుడు తన కాగితం పట్టుకుని నిలబడింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. మధ్యాహ్నం పరీక్షలో తన వంతు కోసం ఎదురు చూస్తూ బెంచీ మీద కూర్చున్న ఓగ్న్యెన్ ఆ కాగితాన్ని చూశాడు.

"పోస్టాఫీసు పక్కన తీయించుకోండి పిన్నీ," అన్నాడు నెమ్మదిగా. "రెండు నిమిషాల పని."

"నాకు తెలుసులే."

"నేను పట్టుకెళ్ళనా?"

"ఎక్కడికీ పట్టుకెళ్ళనక్కర్లేదు. నువ్వు పరీక్షలో ఏం చెబుతావు, నూట నలభై మూడు అడిగితే?"

ఓగ్న్యెన్ చేతిలోని జిరాక్స్ పుస్తకం వైపు చూశాడు. ఆ పేజీ మచ్చలో పెన్సిల్‌తో పూరించి ఉంది. "అందరూ చెప్పేదే చెబుతాను పిన్నీ. మీరు కూడా అదే చెప్పారట కదా ఇవాళ. మెట్ల దగ్గర అనుకుంటున్నారు."

ముప్ఫై ఏళ్ళలో ఎవరూ ఆమెని ఇంతలా కొట్టలేదు. వాడికేమో కొట్టినట్టే తెలియదు. విదోసావా ఇండెక్సు మూసి, దుకాణం వాడికి అప్పగించి, మళ్ళీ మెట్లెక్కింది.

కుబురోవిచ్ ఫైళ్ళు సర్దుకుంటున్నాడు. "ఇంకేమిటి? పాసయ్యావుగా, పో."

"మూడో ప్రశ్నకి జవాబు మార్చుకుంటాను సార్. నీళ్ళలో యాసిడ్ పోస్తాను. కొద్దికొద్దిగా, కలుపుతూ. యాసిడ్‌లో నీళ్ళు గాడిద కూడా పొయ్యదు."

ల్యూబింకా ఈసారి కిటికీ వైపు తిరగడం మర్చిపోయింది.

"తెలిసే అంటున్నావా?" అన్నాడాయన. "ఇక గడువు లేదు. ఇది కొట్టేస్తే నువ్వు ఈ కాలేజీలో ఎప్పుడూ చదవనట్టే."

"తెలిసే అంటున్నాను. మీరు గోర్దానా మెడ ఎప్పుడైనా చూశారా సార్?"

"ఏ గోర్దానా?" అన్నాడు కుబురోవిచ్. నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు.

ఇన్నేళ్ళూ విదోసావా ఇతన్ని పెద్ద దుర్మార్గుడనుకుని ద్వేషించింది. తీరా చూస్తే ఉత్త ఖాళీ డబ్బా. ఇలాంటివాడి మీద ముప్ఫై ఏళ్ళ అసహ్యం ఖర్చు పెట్టానా అని తన మీద తనకే కోపమొచ్చింది. ఆయన ఆరుని అడ్డంగా కొట్టేసి, పక్కన ఐదు వేసి, మళ్ళీ సంతకం చేసి, భోజనానికి వెళ్ళిపోయాడు.

కాలేజీ పెద్ద పుస్తకంలోంచి పేరు కొట్టేయించుకోవడానికి కూడా జాగోర్కాకి జిరాక్సే కావాలి. విదోసావా మళ్ళీ అద్దం మీద పెట్టింది. ఐదు మాత్రం నల్లగా వస్తుందనుకుంది. ఫెయిలైన మాట నిజమే కదా. మెషిన్ అలా అనుకోలేదు. కొట్టేసిన ఆరూ రాలేదు, ఐదూ రాలేదు, రెండు సంతకాలూ రాలేదు. గడి శుభ్రంగా, కడిగిన కంచంలా వచ్చింది. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలాగే పట్టుకెళ్ళింది.

జాగోర్కా కళ్ళజోడు సర్దుకుని చూసింది. "మార్కేదే?"

"అదే వచ్చింది."

"మంచిదే, వచ్చిందే చూస్తాను నేను. ఖాళీ గడి ఎక్కించడానికి వీల్లేదు, కొట్టేయడానికీ వీల్లేదు. పరీక్షకుల్లో ఎవరో ఒకరు రాయాలి. ముసలాయన సూపు తాగడానికి కూర్చుంటే మూడు దాకా లేవడు." కిటికీలోంచి తల బయటపెట్టి వసారాలోకి కేకేసింది. "ల్యూబింకా, ఇలా రా. నీ సంతకం కావాలి."

ల్యూబింకా వచ్చి కాగితం చూసింది. కలం తీసింది గానీ రాయలేదు.

"విన్నదే రాయాలి కదా," అంది చివరికి, ఎవరినో అడుగుతున్నట్టు.

"రెండుసార్లు విన్నావు," అంది విదోసావా. "రెండు రకాలుగా. నీకు వినడం అలవాటేగా, ఏది కావాలంటే అది రాసుకో. చెట్లు ఎటూ పోవు, తర్వాత చూద్దువుగాని."

ల్యూబింకా మొహం ఎర్రబడింది. ఆయన మూడింటికి తిరిగొస్తాడు. రేపూ వస్తాడు, రిటైరయ్యేదాకా ఇంకో రెండేళ్ళు రోజూ వస్తాడు. ఆమె గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. తర్వాత వంగి, తెల్లటి గడిలో పది వేసింది. కింద తన పేరు పూర్తిగా రాసింది.

"చేతిరాత దిద్దుబాటుతో తీసుకోను," అంది జాగోర్కా. "దాన్ని మళ్ళీ జిరాక్స్ తీసి, శుభ్రమైనది తెండి. రెండు గంటలకల్లా ముద్ర కొట్టేస్తాను. సోమవారం డెయిరీకి పోదువుగాని."

ఇద్దరూ రోడ్డు దాటి దుకాణానికొచ్చారు. ఓగ్న్యెన్ లేచి బెంచీ ఖాళీ చేశాడు గానీ ఎవరూ కూర్చోలేదు. విదోసావా కాగితం బోర్లా పెట్టి మూత దించింది. వెలుగు అటు నుంచి ఇటు పోయింది. కాగితం మెల్లగా బయటికి రావడం మొదలుపెట్టింది. ముందు పేరు, తర్వాత ముప్ఫై మార్కులు, చివరికి పది. నల్లగా, సున్నాకి చిన్న తోకతో సహా, ల్యూబింకా వేసినది వేసినట్టే వచ్చింది.

విదోసావాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ మనుషుల ముందు ఏడవాల్సి వచ్చినందుకు చిరాకేసింది. ముక్కు గట్టిగా చీదుకుంది.

ల్యూబింకా మార్కు చూడటం లేదు. దాని కింద ఉన్న తన పేరు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం తడుముతోంది.

"నాది కూడా వచ్చింది," అంది.

"వచ్చింది."

"పోస్టాఫీసు పక్కన కాదు. ఇక్కడే."

"ఇక్కడే వచ్చింది, కనబడుతోందిగా."

ల్యూబింకా ఆ కాగితం వదల్లేదు. "ఇంకొకటి తీయండి," అంది. "నాకు."

విదోసావా ఆమె వైపు ఒకసారి చూసి, మళ్ళీ బటన్ నొక్కింది.